మూడు గ్రాముల ఎరకు ఏ సెట్: చెన్నైలో లైట్ బెయిట్‌కాస్టింగ్ రాడ్ కొనాలా వద్దా

మా షోళింగనల్లూరు ఆఫీసులో నెల్లూరు కుర్రాడొకడున్నాడు. కొర్రమీను పిచ్చోడు. సెలవు దొరికితే బస్సెక్కి ఊరి కాలవ గట్టు మీద తేలతాడు. మొన్న కేంటీన్‌లో ఫోన్ చూపించాడు. "అన్నా, లైట్ కాస్టింగ్ రాడ్డు. ఒకటి నుంచి ఏడు గ్రాములు అని రాసుంది. కొనేదా?"

"రీలేముంది నీ దగ్గర?" అన్నాను.

"ఉందిగా, కొర్రమీనుకి వాడేది. అదే బిగిస్తా."

అక్కడే ఆగమన్నాను. సరిగ్గా ఆ పనే చేసి నేను ఒక ఆదివారం పొద్దున్నంతా పాడు చేసుకున్నాను. ముట్టుకాడు బ్యాక్‌వాటర్ గట్టు, ఆరు గంటలు, గాలి కూడా లేదు. కొత్త రాడ్డు, పాత రీలు, మూడు గ్రాముల ఎర. బలంగా విసిరితే ఎర ఐదు మీటర్ల అవతల పడింది, రీల్లో లైను చుట్టి ఉండే స్పూల్ మాత్రం తిరుగుతూనే ఉంది. చూసేసరికి రీల్లో కొబ్బరిపీచు ఉండ. ముప్పావు గంట పిన్నీసుతో చిక్కు తీస్తూ కూర్చున్నాను. పక్కనే పంచె కట్టుకున్న పెద్దాయన వెదురు కర్ర, బెండు, చిన్న రొయ్య ముక్కతో నాలుగు జిలేబీ చేపలు లాగి సంచిలో వేసుకున్నాడు. మనం తిలాపియా అనేదాన్ని ఇక్కడ జిలేబీ అంటారు. 1952లో మన దేశానికి తెచ్చిన చేప, ఇప్పుడు మద్రాసులో అది లేని మురుగ్గుంట కూడా లేదు.

కాబట్టి ఈ ఎంపికలో రాడ్డు రెండో ప్రశ్న, రీలు మొదటిది. దానికన్నా ముందు, మీరు విసిరే ఎర ఎంత బరువో తెలియాలి.

ముందు ఒక అపోహ

రాడ్డు మీద "లైట్" అని ఉంటే కర్ర తేలికగా ఉంటుందని కాదు. అది కర్ర బలానికి పెట్టిన పేరు. అల్ట్రాలైట్, లైట్, మీడియం లైట్, మీడియం, హెవీ అని వరస. లైట్ రాడ్డు చేతిలో బరువుగానూ ఉండొచ్చు, హెవీ రాడ్డు ఈకలా తేలిపోనూ వచ్చు. పైగా ఈ పేర్లకు అన్ని కంపెనీలకూ ఒకే కొలత లేదు. ఒకరి లైట్ ఇంకొకరి మీడియం లైట్. పేరు వదిలేసి, హ్యాండిల్ పైన సన్నక్షరాల్లో ఉండే ఎర బరువు అంకెలు చూడండి. 1 నుంచి 7 గ్రాములని ఉంటే ఆ కర్ర హాయిగా పనిచేసేది 3 నుంచి 5 మధ్య. రెండు కొసల్లోనూ ఏదో బలవంతంగా నెట్టుకొస్తుంది. ఔన్సుల్లో రాసుంటే, ఎనిమిదో వంతు ఔన్సు అంటే మూడున్నర గ్రాములు, నాలుగో వంతు అంటే ఏడు.

దేన్ని బట్టి తేల్చుకోవాలి

నా లెక్కలో ముందు చూడాల్సింది ఎర బరువు. జిగ్‌హెడ్ (సీసం తల ఉన్న హుక్కు) ప్యాకెట్ మీద 2.5 గ్రాములని ఉంటే దానికి తొడిగే రబ్బరు చేప ఇంకో గ్రాము. విసిరేది మొత్తం కాబట్టి మొత్తమే తూచాలి. ఇంట్లో చిన్న డిజిటల్ కాటా ఉంటే మీ పెట్టెలోని ఎరలన్నీ ఓసారి తూచండి. చాలామందికి అక్కడే సగం జవాబు దొరుకుతుంది.

తరవాత గాలి. చెన్నైలో ఎండాకాలం మధ్యాహ్నానికల్లా సముద్రం మీంచి గాలి లేస్తుంది. తూర్పుకి తిరిగి నిలబడితే మొహానికే. మూడు గ్రాముల ఎర ఆ గాలిలో కాగితం ముక్కతో సమానం.

మూడోది, మీకు కావలసింది దూరమా, గురా? నాలుగోది, చేప తగిలాక అది దూరే చోటు. ఖాళీ నీళ్లయితే ఒక లెక్క, ఆలిచిప్పలు అంటుకున్న వంతెన స్తంభాలైతే ఇంకో లెక్క. ఆ చిప్పల అంచు బ్లేడే. చివరగా ఉప్పునీళ్లు, మీ ఓపిక, డబ్బు.

కండె, గిలక

రెండు రకాల రీళ్ల తేడా ఇదే. స్పిన్నింగ్ రీలు నేతగాడి కండె లాంటిది. కండె కదలదు, కొసనుంచి దారం చుట్లు చుట్లుగా జారిపోతుంది. అందుకే గ్రామున్నర ఎరైనా లైను లాక్కుని పోగలదు. ఆ చుట్లవల్లే లైను మెలి తిరగడమూ, సన్నని అల్లిక లైనైతే గాలిలో ముడిపడడమూ.

బెయిట్‌కాస్టింగ్ రీలు బావి గిలక లాంటిది. ఎర పోతూ స్పూల్‌ని తిప్పాలి. బరువైన గిలకని తిప్పడానికి మూడు గ్రాములకు శక్తి చాలదు. తిప్పిందే అనుకోండి, గాలిలో ఎర నెమ్మదించాక కూడా గిలక తన ఊపులో తిరుగుతూనే ఉంటుంది. పోయే లైను కన్నా వదిలే లైను ఎక్కువైతే అదే చిక్కు.

మామూలు రీల్లో స్పూల్ ఒక్కటే పదిహేను, ఇరవై గ్రాములుంటుంది. దాని మీద మూడో వంతు మిల్లీమీటరు మందం నైలాన్ వంద మీటర్లు చుడితే ఇంకో పది గ్రాములు. అంటే మూడు గ్రాముల ఎర తనకు పది రెట్ల బరువుని గిరగిరా తిప్పాలి. తేలిక ఎరల కోసమే చేసే ఫైనెస్ రీళ్లలో స్పూల్ పది గ్రాములకు అటూ ఇటూ, కొన్నిట్లో ఇంకా తక్కువ. లోతు తక్కువ, వ్యాసమూ చిన్నది. దాని మీద 0.8 నంబరు పీఈ అల్లిక లైను (పాలిథిలీన్ పోగులది, నంబరు పెరిగితే మందం పెరుగుతుంది) నలభై ఐదు మీటర్లు చుడితే లైను బరువు గ్రాము కూడా రాదు. జపాన్‌లో మొదలైన ఈ పద్ధతిని బెయిట్ ఫైనెస్ అంటారు, పొట్టిగా బీఎఫ్ఎస్. షిమానో ఆల్డెబరాన్ బీఎఫ్ఎస్, కురాడో బీఎఫ్ఎస్, దైవా ఆల్ఫాస్ ఎయిర్ ఈ జాతివి. కాస్ట్‌కింగ్ జెఫిర్ లాంటి చౌక రకాలూ ఉన్నాయి.

వీటిలో చాలావాటికి బ్రేకు అయస్కాంతాలది. స్పూల్ అల్యూమినియం, అయస్కాంతం దాన్ని పట్టుకోదు. కానీ స్పూల్ తిరిగేటప్పుడు అందులో ఎడ్డీ ప్రవాహాలనే సుడి విద్యుత్తు పుట్టి వెనక్కి లాగుతాయి. ఎంత వేగంగా తిరిగితే అంత గట్టిగా లాగుతాయి. బొటనవేలికి పని తగ్గుతుంది, పోదు.

ఒకటో దారి: అల్ట్రాలైట్ లేదా లైట్ స్పిన్నింగ్

మూడు గ్రాముల కన్నా తక్కువైతే ఇక ఆలోచించొద్దు, ఇదే. ఎదురుగాలికీ ఇదే. మొదటిసారి గాలం పట్టేవాళ్లకీ, పిల్లలకీ ఇదే. మూడు నాలుగు వేలల్లో పనికొచ్చే సెట్ మొదలవుతుంది. కోవళం రాళ్ల మీద నిలబడి చిన్న పార చేపల కోసం దూరంగా విసరాలన్నా, 0.6 పీఈతో ఇది పోయినంత దూరం బీఎఫ్ఎస్ పోదు. హ్యాండిల్ ఎడమకీ కుడికీ మార్చుకోవచ్చు. ఇది చిన్న సంగతిలా ఉంటుంది గానీ బెయిట్‌కాస్టర్‌లో కొన్నాక మార్చడం కుదరదు. ఏ చేత్తో తిప్పుతారో ముందే తేల్చుకోవాలి.

లోపమెక్కడంటే గురి దగ్గర. ఎర గాలిలో ఉండగా ఆపాలంటే స్పూల్ అంచున వేలితో లైనుని తాకాలి. అలవాటైనవాళ్లు బాగానే ఆపుతారు. నాకు మాత్రం పదేళ్లయినా ఎర అరగజం అటో ఇటో పడుతుంది.

రెండో దారి: లైట్ కాస్టింగ్ రాడ్డు, ఇంట్లో ఉన్న మామూలు రీలు

నెల్లూరు అబ్బాయి ప్లాను. వద్దు. ఏడెనిమిది గ్రాములు విసిరితే ఏదోలా నడుస్తుంది. కానీ అది రాడ్డు పై హద్దు, ఆ బరువుకి ఈ రాడ్డే అక్కర్లేదు. పైగా రెండొందల గ్రాముల రీలు సన్నకర్ర మీద పెడితే చేతిలో కవ్వం పట్టుకున్నట్టుంటుంది, బరువంతా వెనకే. రీలుకి లోతు తక్కువ స్పూల్ విడిగా దొరికితే, బేరింగుల గ్రీజు కడిగి పల్చటి నూనె వేసి నాలుగైదు గ్రాముల దాకా దించొచ్చు. అంత ఓపికున్నవాళ్లు ఈ వ్యాసం చదవరు.

మూడో దారి: లైట్ కాస్టింగ్ రాడ్డు, బీఎఫ్ఎస్ రీలు

ఎర నీటిని తాకడానికి ఒక్క క్షణం ముందు బొటనవేలు స్పూల్ మీద మెత్తగా వాలుతుంది. లైను ఆగుతుంది, ఎర ముక్కు కాస్త పైకి లేచి, వంతెన స్తంభానికి జానెడు దూరంలో చప్పుడు లేకుండా దిగుతుంది. దిగే ఎరని చేప మధ్యలోనే అందుకుంటే వేలి కింద లైను టిక్కుమంటుంది, హ్యాండిల్ తిప్పితే చాలు, స్పిన్నింగ్ రీల్లోలా లైనుని పట్టే తీగ (బెయిల్) మూసే పనే లేదు. ఈ మొత్తానికే మనం డబ్బు పెడుతున్నది.

ఎక్కువ దూరం వెళుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నాలుగు గ్రాములతో పదిహేను, ఇరవై మీటర్లు హాయిగా పోతుంది. బ్యాక్‌వాటర్ అంచుల్లో, పడవలో, కయాక్‌లో అంతకన్నా అక్కర్లేదు. మడచెట్ల వేళ్ల దగ్గర చెంపల్లికీ (ఎర్రగా, పళ్లతో ఉండే తమిళుల ముద్దుబిడ్డ), పిల్ల పండుగప్పకీ ఇది వాటమైన ఆయుధం. పండుగప్పని ఇక్కడ కొడువా అంటారు. దాని మొప్పల అంచు కత్తి, నోరు ఆకురాయి. అందుకని అల్లిక లైను కొసన ఇరవై పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (రాపిడికి ఆగే కొస ముక్క) తప్పనిసరి. రెంటినీ కలిపే ముడి ఎఫ్‌జీ అనే రకం వేస్తే సన్నంగా ఉండి చిన్న గైడ్ల (కర్ర మీది రింగుల) గుండా అడ్డు లేకుండా పోతుంది.

కష్టాలూ చెప్పాలి. ఒకటి, లైను మరీ సన్నం పనికిరాదు. 0.6 కన్నా సన్నని పీఈ, చేప గట్టిగా లాగినప్పుడు స్పూల్ మీది కింది చుట్లలోకి దిగబడి, తరవాతి విసురులో బిగుసుకుంటుంది. నేను 0.8కి కిందికి పోను. కొత్తవాళ్లైతే ఆరు పౌండ్ల నైలాన్‌తో మొదలుపెట్టడం మేలు, చిక్కుపడినా తేలిగ్గా విడుతుంది, కోసి పారేసినా పెద్ద నష్టం లేదు. రెండు, ఉప్పు. ఆ చిన్న బేరింగులు దాదాపు పొడిగా తిరుగుతాయి, ముట్టుకాడు నీళ్లు ఒక వారం ఉంటే గరగరమంటాయి. ఇంటికి రాగానే మంచినీళ్లు పల్చగా చిలకరించాలి. పంపు కింద ధారగా పెడితే ఉప్పుని మనమే లోపలికి తోసినట్టు. ఆరాక బేరింగుకి ఒక్క చుక్క నూనె. మెగ్నీషియం బాడీ రీలు ఉప్పునీళ్లకి కొనవద్దు, పెయింటు ఎక్కడ లేస్తే అక్కడ పొడిపొడిగా రాలుతుంది.

మూడు, గాలి. పులికాట్‌లో ఒకసారి పడవాయన నన్నే చూస్తూ తెడ్డు వేశాడు. ఆ సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రదే, అక్కడి పల్లెల్లో మన నెల్లూరు యాసా అరవమూ కలిసిపోయి వినిపిస్తాయి. మూడోసారి చిక్కుపడ్డాక అన్నాడు: "ఏంది అబ్బయా, ఈ గాలికి ఆ పుల్ల ఇసిరితే ఏమొచ్చుద్ది?" నిజంగానే ఏమీ రాలేదు. పెట్టెలోంచి స్పిన్నింగ్ తీశాను.

నాలుగు, కొనడం. రీలు ఒక్కదానికే మొత్తం స్పిన్నింగ్ సెట్‌కి రెట్టింపు అవుతుంది, జపాన్ రకమైతే ఇంకా పైకి. 2020 నవంబరులో అలీఎక్స్‌ప్రెస్ అనే చైనా షాపింగ్ సైటు నిషేధంలోకి వెళ్లాక చైనా చౌక రకాలు నేరుగా తెప్పించుకునే దారి మూసుకుపోయింది. ఇక్కడి దుకాణంలో దొరికే వాటితోనే సర్దుకోవాలి. స్పూల్ వంగితే, బేరింగు పోతే విడిభాగం దొరుకుతుందా అని డబ్బివ్వకముందే అడగండి.

నాలుగో దారి: మీడియం లైట్ కాస్టింగ్, చిన్న రీలు

దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం చాలామందికి సరిపోయేది ఇదే అనిపిస్తుంది. 5 నుంచి 14 గ్రాముల రాడ్డు, లోతు తక్కువ స్పూల్ ఉన్న మామూలు చిన్న రీలు, ఒకటో నంబరు పీఈ. ఆరేడు గ్రాముల జిగ్‌హెడ్, చిన్న మిన్నో (చేపబొమ్మ), పాప్పర్ (నీటి మీద చప్పుడు చేసే ఎర) అన్నీ పోతాయి. రెండు కిలోల పండుగప్ప స్తంభం వైపు తిరిగినా పక్కకి తిప్పే బలం ఉంటుంది. లైట్ రాడ్డుతో అది వట్టి ఆశ. పోయేదల్లా నాజూకు. మూడు గ్రాములు విసరలేరు, అరచేతి చేప తగిలితే సరదా ఉండదు.

| | స్పిన్నింగ్ | లైట్ కాస్టింగ్ + పాత రీలు | లైట్ కాస్టింగ్ + బీఎఫ్ఎస్ | మీడియం లైట్ కాస్టింగ్ |
|---|---|---|---|---|
| హాయిగా పోయే బరువు | 1–7 గ్రా. | 7 గ్రా., అదీ రాడ్డు హద్దు | 3–5 గ్రా. | 6–12 గ్రా. |
| ఎదురుగాలి | తట్టుకుంటుంది | అసాధ్యం | కష్టం | పరవాలేదు |
| దగ్గర గురి | మధ్యస్థం | చిక్కు తియ్యడమే సరి | చాలా బాగు | బాగు |
| స్తంభాల దగ్గర చేప | సన్నలైనుతో కష్టం | రాడ్డు చాలదు | చిన్నవాటికి సరే | సరే |
| ఉప్పునీటి సేవ | తక్కువ | మధ్యస్థం | ప్రతిసారీ | మధ్యస్థం |
| నేర్చుకోవడం | ఒక పూట | నేర్చుకోవద్దు | కొన్ని వారాలు | వారం, పది రోజులు |

మరి మీకేది?

ఇప్పటిదాకా ఏదీ లేకపోతే స్పిన్నింగ్ కొనండి. బీఎఫ్ఎస్ మొదటి సెట్‌గా కొన్నవాళ్లు ఇద్దరు నాకు తెలుసు, ఇద్దరూ అమ్మేశారు. మెట్రోలోనో బండి మీదో వెళ్లేవాళ్లు రెండు ముక్కల రాడ్డే తీసుకోండి. ఆరున్నర అడుగులది విడదీస్తే మూడుంపావు, సంచిలో పడుతుంది. ఒకే ముక్క రాడ్డు లిఫ్ట్ తలుపులో చివర విరగ్గొట్టుకున్న చరిత్ర మా అపార్ట్‌మెంట్‌కి ఉంది.

రెండు మూడేళ్లుగా స్పిన్నింగ్ వాడుతూ, ఎక్కువగా బ్యాక్‌వాటర్ అంచుల్లో, పడవలో, పొద్దున్నే గాలి లేని వేళ విసిరేవాళ్లకు బీఎఫ్ఎస్ అచ్చొస్తుంది. స్పిన్నింగ్‌ని అమ్మకండి, గాలి లేచాక కావాలి.

కొర్రమీను కోసమైతే ఈ నాలుగింట్లో ఏదీ కాదు. తామరాకుల మీద పదిగ్రాముల కప్పబొమ్మ ఈడ్చి, తగిలిన చేపని గుర్రపుడెక్కతో సహా లాగాలంటే హెవీ రాడ్డు, మూడో నాలుగో నంబరు అల్లిక లైను. ఆ రీలు ఆ పనిలోనే ఉండనివ్వండి.

వానల సంగతి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వరద దిగి బ్యాక్‌వాటర్ టీ రంగుకి తిరుగుతుంది. ఆ నెలల్లో చిన్న ఎర చేపకే కనపడదు, కొత్త సెట్ కొని నిరాశపడొద్దు. ఇక ఎక్కడ విసిరినా అడిగి విసరండి. చెరువులు కాంట్రాక్టులో ఉంటాయి, పులికాట్‌లో పక్షుల అభయారణ్యం ఉంది, మంచినీటి రిజర్వాయర్ల గట్టెక్కనివ్వరు. ఎన్నూరు క్రీక్‌లో 2023 డిసెంబరు తుపాను వరదలో చమురు తెట్టు చూశాక అక్కడ పట్టింది నేను ఇంటికి తేవడం మానేశాను, వదిలేసి వస్తాను.

దుకాణంలోనూ, మేడ మీదా

రాడ్డు చూడటానికి వెళ్లేటప్పుడు జేబులో ఐదు గ్రాముల సీసం గుండు, రెండు గజాల లైను, చిటికెడు దూది ఉండాలి. గైడ్ల గుండా లైను దూర్చి గుండు వేలాడదీసి, కర్రని మణికట్టుతో మెల్లగా ఊపండి. కొసనున్న మూడో వంతైనా వంగాలి. కొస మాత్రమే తల ఊపి మిగతాదంతా బిగుసుకుపోతే ఆ కర్ర తేలిక ఎరని తనంతట తాను విసరదు, మీ భుజమే విసరాలి. కొత్తవాళ్లకు కాస్త మెత్తటి కర్రే మేలు. దూదిని ప్రతి గైడ్ లోపల తిప్పి చూడండి. పోగు తగులుకుంటే ఆ రింగు చిట్లింది, సన్న లైనుని కోసేస్తుంది. తరవాత మీ రీలునే బిగించి, ట్రిగ్గర్‌కి (హ్యాండిల్ కింద వేలు పట్టే కొక్కేనికి) ముందు ఒక వేలి మీద నిలబెట్టండి. ముందుకో వెనక్కో బాగా తూలితే సాయంత్రానికి మణికట్టు చెబుతుంది.

ఇంట్లో మేడ మీద హుక్కు లేని ఐదు గ్రాముల గుండుతో మొదలుపెట్టండి, మూడుతో కాదు. బ్రేకు పూర్తిగా బిగించి, పది మీటర్ల దూరంలో బకెట్ పెట్టి, బలం పెట్టకుండా ఊపుతో విసరండి. గుండు నేలని తాకే లోపు వేలు స్పూల్ మీద ఉండాలి. వరసగా పదిసార్లు చిక్కు పడకపోతే బ్రేకు ఒక్క గీత వదలండి. లైను స్పూల్ మీద గట్టిగా, తడిబట్టతో పట్టి చుట్టుకోండి. వదులుగా చుట్టిందే సగం చిక్కులకు మూలం.

నెల్లూరు అబ్బాయి నా మాట వినలేదు, రాడ్డు కొనేశాడు. పాత రీలుతో ఒక సాయంత్రం తంటాలు పడి, మర్నాడు నా బీఎఫ్ఎస్ రీలు అడిగి తీసుకెళ్లాడు. నాలుగో రోజు రాత్రి తొమ్మిదింటికి ఫోటో పంపాడు: మేడ మీద ట్యూబులైటు వెలుతురు, నీలం ప్లాస్టిక్ బకెట్, అడుగున సీసం గుండు. రీలు ఇంకా తిరిగి రాలేదు.